ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే ఫ్రీ చదువు కాదు

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో, అంటే ప్రభుత్వం కాలేజీ ఫీజు కడితే చదువుకునే పేదింటి పిల్లల మీద వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మన పన్నులతో వాళ్లు ఫ్రీగా ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఫీజంతా ప్రభుత్వమే కడుతుంది, పైగా స్కాలర్‌షిప్ పేరుతో పాకెట్ మనీ. కాలేజీకి వెళ్లకపోయినా డబ్బులు పడతాయి. చదవాలనుంటే లోన్ తీసుకోవచ్చుగా" అని దాని సారాంశం. తెలంగాణ సంగతే తీసుకుని ఒక్కో మాటా చూద్దాం.

"ఫీజంతా ప్రభుత్వమే కడుతుంది." మామూలుగా కన్వీనర్ కోటాలో (ఎంట్రన్స్ ర్యాంకును బట్టి ప్రభుత్వం కేటాయించే సీట్లు) ఇంజనీరింగ్ సీటొచ్చిన బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన ఇతర కులాల) విద్యార్థికి ర్యాంకు 10,000 దాటితే ఏడాదికి వచ్చేది గరిష్ఠంగా 35,000 రూపాయలు. హైదరాబాద్‌లో పేరున్న కొన్ని కాలేజీల్లో కన్వీనర్ సీటు ఫీజే లక్ష దాటింది. ఆ తేడా ఇంట్లోవాళ్లే తేవాలి. ఆ ఇల్లు ఎలాంటిదంటే, పల్లెలో ఏడాది ఆదాయం లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. లక్షన్నర అంటే నెలకు 12,500. కాలేజీయే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకైతే ఈ పథకమే వర్తించదు.

ఇచ్చేదైనా వేళకు ఇస్తారా అంటే అదీ లేదు. 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బకాయిలు విడుదల చేయాలంటూ బంద్ చేశాయి. కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న ఆ బాకీ చివరికి పిల్లల మెడకే చుట్టుకుంటుంది. కోర్సు పూర్తయి టీసీ, మెమోల కోసం వెళ్తే, "నీ రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, ముందు నువ్వు కట్టెయ్, వచ్చాక వెనక్కి ఇస్తాం" అంటారు. అవతల కంపెనీవాళ్లు ఒరిజినల్స్ తెమ్మని తేదీ పెట్టి ఉంటారు. ఆ టెన్షన్‌లో తండ్రి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కడతాడు. అంటే ఏడాదికి 36 శాతం. ప్రభుత్వం ఆ ఫీజు తర్వాత ఎప్పుడో వేసినా ఆ వడ్డీ ఎవరూ తిరిగివ్వరు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఫ్రీ అని మెసేజ్ పెట్టేవాళ్లకు ఈ వడ్డీ లెక్క తెలియదు.

"పైగా పాకెట్ మనీ." పదో తరగతి తర్వాతి చదువులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం చూడండి. ప్రొఫెషనల్ డిగ్రీ చదివే ఎస్సీ విద్యార్థి హాస్టల్‌లో ఉంటే ఏడాదికి 13,500, ఇంటి నుంచి వెళ్లొస్తే 7,000. హాస్టల్ విద్యార్థికి నెలకు 1,125 పడుతుందన్నమాట. మెస్ బిల్లు, పుస్తకాలు, బస్ పాస్ అన్నీ అందులోనే చూసుకోవాలి. ప్రైవేటు హాస్టల్‌లో ఉండేవాళ్లకు అది మెస్ బిల్లుకే చాలదు.

"కాలేజీకి వెళ్లకపోయినా డబ్బులు పడతాయి." 75 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. లేని విద్యార్థుల్ని ఉన్నట్టు చూపించి డబ్బు కాజేసిన కాలేజీలు లేవని నేను అనను. అది యాజమాన్యాలు చేసిన మోసం, వాళ్లను పట్టుకోవాల్సిందే. రోజూ రెండు బస్సులు మారి క్లాసుకు వెళ్లే పిల్ల స్కాలర్‌షిప్ ఆపితే ఆ మోసం ఆగదు.

"మన పన్నులు." వాళ్లవి కూడా. ఫోన్ రీచార్జ్ మీద 18 శాతం జీఎస్టీ కూలివాడూ కడతాడు, ఐటీ ఉద్యోగీ కడతాడు.

"లోన్ తీసుకోవచ్చుగా." బ్యాంకుల మోడల్ విద్యా రుణ పథకం ప్రకారం నాలుగు లక్షల దాకా హామీ అడగకూడదు. అది దాటితే ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి పూచీకత్తు, ఆపైన ఆస్తి తనఖా అడగొచ్చు. నెలకు పన్నెండు వేలతో బతికే ఇంటికి పూచీ ఉండేదెవరు, తనఖా పెట్టడానికి ఏముంది?

అసలు లోన్ తీసుకుని చదివినవాళ్లకూ ప్రభుత్వం సాయం చేస్తూనే ఉంది. ఆదాయ పన్ను పాత విధానంలో విద్యా రుణం మీద కట్టే వడ్డీ మొత్తానికీ ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది, దానికి పరిమితి లేదు. ఖజానాకు రావాల్సిన ఆ పన్నును వదులుకోవడం సరైన పనే. పేదింటి పిల్లకు ఫీజు కట్టడమూ అంతే సరైన పని.