నూనెతోనా, నిప్పుతోనా?

(నిమ్మతోటలో 18 హార్స్‌పవర్ల పాత చిన్న ట్రాక్టర్. పొగగొట్టాన్ని ఇంజను హెడ్డుకు బిగించిన నాలుగు నట్లలో మూడు ఊడాయి. నాలుగోది కదలడం లేదు.)

మేనల్లుడు: ఇంకెంత నూనె పోస్తారు మామయ్యా? నిన్న సాయంత్రం పోశారు, తెల్లవారి పోశారు. గ్యాస్ సిలిండర్ తెస్తాను, కాల్చి తిప్పేద్దాం.

మామయ్య: తొందరపడితే స్టడ్డు, అంటే హెడ్డులో దిగి నట్టును పట్టి ఉంచే మరల కడ్డీ, విరుగుతుంది. ముక్క హెడ్డులోనే ఉండిపోతే ఆ పని పది రెట్లవుతుంది.

మేనల్లుడు: ఇనుము తుప్పుగా మారితే రెట్టింపుకు మించి ఉబ్బుతుంది. మరచుట్ల మధ్య సందంతా దానితోనే నిండింది. మీ నూనె చూడండి, పైపైనే మెరుస్తోంది. అదే నట్టును 300 డిగ్రీలు వేడెక్కిస్తే, 8 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 0.03 మిల్లీమీటరు వెడల్పవుతుంది. తుప్పు పెచ్చు పగలడానికి అది చాలు.

మామయ్య: లోపలి స్టడ్డు మాత్రం ఉబ్బదా?

మేనల్లుడు: అందుకే మంట నట్టు పలకలకే చూపాలి, వేడి లోపలికి పాకేలోపు తిప్పాలి. అప్పటికీ రాకపోతే, మంట తీసేసి వేడి నట్టుకు కొవ్వొత్తి ఆనిస్తాను. మైనం కరిగి సందుల్లోకి తానే పాకుతుంది.

మామయ్య: డీజిల్ ట్యాంకు మూరెడు దూరంలో ఉంది. నేను పోసిన నూనె కూడా అంటుకుంటుంది. ఇంకో సంగతి, ఇక్కడ బ్రేకులు కడిగే స్ప్రే ఏదైనా కొట్టావా? క్లోరిన్ కలిసిన రకమైతే మంట తగలగానే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులను చంపిన విషవాయువు అది.

మేనల్లుడు: కొట్టలేదు. ట్యాంకు విప్పి దూరంగా పెడతాను, నూనె తుడుస్తాను.

మామయ్య: ముందు నా పద్ధతి ఒక్కసారి కానివ్వు. పన్నెండు పలకల సాకెట్ వద్దు, మూలలు అరిగిపోతాయి. ఆరు పలకలది ఇవ్వు. నట్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు. తరువాత విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకవాసి. స్పానర్ పట్టుకున్న చేతికి టక్కుమన్న చప్పుడు తెలిస్తే తుప్పు పగిలినట్లు. అలా కాక, రబ్బరును మెలిపెట్టినట్లు మెత్తగా సాగితే స్టడ్డే మెలితిరుగుతోంది. ఆ క్షణమే ఆపాలి.

మేనల్లుడు: సరే, పట్టండి... ఏమనిపిస్తోంది?

మామయ్య: మెత్తగా ఉంది.

మేనల్లుడు: ఇప్పటికైనా ఒప్పుకోండి. విరిగినా దారి ఉంది. మొండెం మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తే, ఆ వేడికే పట్టు వదులుతుంది.

మామయ్య: అది ఒప్పుకుంటాను. విరిగిన ముక్కలో రంధ్రం వేసి, దాన్ని తిప్పి బయటికి తీసే ఎదురుమర బిట్టు దింపుతానంటే మాత్రం ఒప్పుకోను. అది గట్టిదే కానీ పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు.

మేనల్లుడు: అలాగే. సిలిండర్ తేనా?

మామయ్య: ముందు ట్యాంకు విప్పు. బకెట్‌తో ఇసుక కూడా తెచ్చిపెట్టు.