పట్టుకోవడం వచ్చు, మాన్పించడం రాదు

"బాత్రూమ్‌లో సిగరెట్ వాసన వస్తోంది సార్" అని ఎవరైనా చెబితే చాలు, మా టీచర్లకు ఎక్కడలేని హుషారు వస్తుంది. బ్యాగులు దులపడం, నోరు వాసన చూడడం, అమ్మానాన్నల్ని పిలిపించడం, వారం సస్పెన్షన్. ఇరవై ఏళ్లుగా నేనూ అదే చేశాను. దానివల్ల మానేసినవాడు ఒక్కడూ గుర్తులేడు. దాచుకోవడం మాత్రం బాగా నేర్చుకున్నారు. (పట్టుకునే టీచర్లలో ఒకరిద్దరు గేటు బయట సిగరెట్ ఆర్పేసి లోపలికొచ్చే బాపతే. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు.)

పోయినేడు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు. లెక్కల్లో చురుకు. మూడో పీరియడ్‌ వచ్చేసరికి కాలు ఊపుతూనే ఉండేవాడు. పెన్ను మూత కొరికి కొరికి చదును చేసేశాడు. ఏంట్రా అంటే విసుక్కునేవాడు. పొగరనుకున్నాను. ఒకరోజు ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే తలొంచుకుని అన్నాడు: "మానేద్దామనే ఉంది సార్. మానితే లెక్క బుర్రకెక్కట్లేదు." వాడు రోజూ తాగేవాడు కూడా కాదు, వారానికి మూడు నాలుగుసార్లంతే.

సిగరెట్‌కు బానిసను చేసేది పొగాకులో ఉండే నికోటిన్. అది పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. ఆ మెదడు పూర్తిగా ఎదగడానికేమో దాదాపు 25 ఏళ్లు పడుతుంది. అందుకే ఈ వయసులో రోజూ తాగకపోయినా అలవాటు పట్టేయగలదు. ఒంట్లో నికోటిన్ తగ్గగానే చిరాకు, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, చదివింది తలకెక్కకపోవడం. ఇంకొకటి తాగితే అవి పోతాయి. దాంతో టెన్షన్ తగ్గించేది సిగరెట్టే అనుకుంటాడు. అప్పుల్లో ముంచినవాడే వచ్చి ఈ నెల వడ్డీ వద్దులే అంటే దేవుడిలా కనిపించడం లాంటిదిది.

అమ్మేవాళ్లకు ఇదంతా ఎప్పుడో తెలుసు. ఆర్.జె. రేనాల్డ్స్ అనే అమెరికన్ సిగరెట్ కంపెనీ 1984లో రాసుకున్న రిపోర్టొకటి తర్వాత కోర్టు కేసుల పుణ్యమా అని బయటపడింది. పోయినవాళ్ల స్థానం భర్తీ కావాలంటే కుర్ర వయసువాళ్లే దిక్కని అందులో ఉంది. 18 నిండినవాళ్ల గురించేనని జాగ్రత్తగానే రాసుకున్నారు లెండి. కానీ అమెరికాలో రోజూ పొగతాగే పెద్దవాళ్లలో పదికి తొమ్మిదిమంది దాకా మొదటి సిగరెట్ ముట్టించింది 18 లోపే. ఇప్పుడు పండ్ల రుచులతో వేప్‌లు (బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రానిక్ సిగరెట్లు) వచ్చాయి, వాసన పట్టి దొరకబుచ్చుకునే మా విద్యకూ కాలం చెల్లింది.

ఇంత లెక్కతో వచ్చేవాళ్ల ముందు మేం పెట్టేది ఓ నల్లబడ్డ ఊపిరితిత్తి పోస్టర్. పద్నాలుగేళ్లవాడికి యాభయ్యేళ్ల వయసంటే పక్క గ్రహం.

ఈ కుర్రాడి పేరు ఎవరికీ చెప్పలేదు. తాగాలన్న యావ మహా అయితే కొన్ని నిమిషాలుంటుంది, అంతవరకు ఓర్చుకుంటే చాలన్నాను. మూడో పీరియడ్‌లో చెయ్యెత్తితే చాలు, నీళ్లు తాగొచ్చేందుకు పంపుతాను. స్టాఫ్ రూమ్‌లో దీన్ని గారాబం అన్నారు. అననీ.

మానేశాడా అంటే, లేదు. రెండుసార్లు మానాడు, రెండుసార్లు మళ్లీ మొదలెట్టాడు. మొన్న సోమవారం వాడే వచ్చి, "నిన్న ఒకటి తాగాను సార్" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆ మాట తనంతట తాను వచ్చి చెప్పినవాడు వీడొక్కడే.