కేసు ఏమైందో బాధితులకు ఎవరు చెప్తారు?

దాడికి గురైనవాళ్లనో, ఇంట్లో దొంగలు పడినవాళ్లనో ఏడాది తర్వాత కలిసి ఆ కేసు ఎంతవరకు వచ్చిందని అడిగి చూడండి. చాలామంది చెప్పేది ఒకటే, "ఏమో, తెలీదు". ఫిర్యాదు ఇచ్చారు, సంతకం పెట్టారు, అడిగినవన్నీ చెప్పారు, ఆ తర్వాత ఫోన్ లేదు, కబురు లేదు. నిందితుడు దొరికాడా, దొరికినా బెయిల్ మీద బయటికొచ్చేశాడా, విచారణ మొదలైందా, అసలు కేసే మూసేశారా, ఇవేవీ వాళ్లకు తెలియవు. నేరం వల్ల జరిగిన నష్టం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం గానీ ఈ "తెలీదు" అన్న మాట గురించి మాట్లాడుకునేది తక్కువ. బాధితుల మీద కొన్ని దశాబ్దాలుగా జరుగుతున్న పరిశోధనలు చదువుతూ పోతే మాత్రం తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగుతాం.

ఇంగ్లండ్‌లో జోవానా షాప్లాండ్, ఆమె సహచరులు కోవెంట్రీ, నార్తాంప్టన్ పట్టణాల్లో చేసిన అధ్యయనం 1985లో బయటికొచ్చింది. దాడి, దోపిడీ, లైంగిక దాడి బాధితులను ఒక్కసారి కలిసి ప్రశ్నలడిగి వదిలేయకుండా, ఫిర్యాదు దగ్గర్నుంచి కేసు తేలేదాకా మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడారు. మొదట్లో ఎక్కువమంది పోలీసుల మీద సంతృప్తిగానే ఉన్నారు. రోజులు గడిచేకొద్దీ ఆ సంతృప్తి కరిగిపోయింది. దానికి పెద్ద కారణం నిందితుడు దొరక్కపోవడమో, శిక్ష తక్కువ పడడమో కాదు, ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోవడం. తమ కేసు తమది కాకుండా పోయిందన్న భావన. వాళ్లు ఆకాశంలోంచి చుక్కలు తెమ్మనలేదు, మర్యాదగా మాట్లాడమన్నారు, ఏమవుతోందో చెప్పమన్నారు.

నలభై ఏళ్ల కిందటి ఫలితం ఇది. ఆ తర్వాత వేరే దేశాల్లో, వేరే రకం నేరాల మీద జరిగిన అధ్యయనాల్లోనూ ఇదే ఫిర్యాదు వినిపిస్తూనే ఉంది. ఇంత స్పష్టంగా, ఇంత తక్కువ ఖర్చుతో సరిచేయగలిగిన లోపం ఇన్నేళ్లుగా అలాగే ఉండిపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఎందుకిలా జరుగుతుంది? సమాధానం న్యాయవ్యవస్థ కట్టుబడిలోనే ఉంది. నేరం జరిగితే కేసు రాజ్యానికీ నిందితుడికీ మధ్య నడుస్తుంది. దెబ్బలు తిన్న మనిషి అందులో ఒక సాక్షి మాత్రమే. సాక్షిని పిలిచినప్పుడు రమ్మంటారు, అడిగింది చెప్పమంటారు, పని అయ్యాక పొమ్మంటారు. నార్వే నేరశాస్త్రవేత్త నిల్స్ క్రిస్టీ 1977లో ఒక వ్యాసంలో దీన్ని చాలా గట్టిగా చెప్పాడు. మనుషుల మధ్య తగాదా కూడా ఆస్తి లాంటిదేననీ, ఆ ఆస్తిని లాయర్లూ రాజ్యమూ కలిసి అసలు హక్కుదారుల చేతుల్లోంచి లాక్కున్నారనీ ఆయన వాదన. బాధితులు రెండుసార్లు నష్టపోతారంటాడు: ఒకసారి నేరం చేసినవాడి వల్ల, ఇంకోసారి తమ సొంత కేసులో పాల్గొనే అవకాశం పోవడం వల్ల. అన్ని దేశాల్లోనూ పద్ధతి ఒకేలా లేదనుకోండి. ఫ్రాన్స్‌లో బాధితులు సివిల్ పక్షంగా క్రిమినల్ కేసులోనే చేరవచ్చు, జర్మనీలో కొన్ని తీవ్రమైన నేరాల్లో ప్రాసిక్యూటర్ పక్కన సహ అభియోక్తగా నిలబడవచ్చు. అంటే బాధితులకు చోటు ఇస్తే కోర్టులు కూలిపోతాయన్న భయానికి ఆధారం లేదు.

అసలు బాధితుల్ని నేరుగా అడగడమే ఆలస్యంగా మొదలైంది. అమెరికాలో 1960ల మధ్యలో అధ్యక్షుడు నియమించిన కమిషన్ ఇంటింటి సర్వే చేయించినప్పుడు, పోలీసు రికార్డుల్లో కనిపించేదానికంటే నేరాలు చాలా ఎక్కువని తేలింది. అప్పటిదాకా రికార్డుకు ఎక్కిందే నేరం అనుకునేవాళ్లు. తర్వాత అక్కడ 1970ల్లో, బ్రిటన్‌లో 1982లో జాతీయ సర్వేలు మొదలయ్యాయి. అమెరికా సర్వే లెక్కల ప్రకారం 2006 నుంచి 2010 మధ్య హింసాత్మక నేరాల్లో 52 శాతం పోలీసుల దాకా రాలేదు. రాకపోవడానికి కారణాలు అడిగితే మేమే వేరే రకంగా చూసుకున్నామన్నవాళ్లు ఉన్నారు, చెప్పినా పోలీసులు ఏమీ చేయరన్నవాళ్లు ఉన్నారు, పగబడతారని భయపడ్డవాళ్లూ ఉన్నారు. ఈ మధ్య కేసులు తగ్గాయనో పెరిగాయనో ఎవరైనా గర్వంగా ప్రకటిస్తే నాకు వెంటనే ఈ సగం గుర్తొస్తుంది, ఎందుకంటే ఫిర్యాదుల సంఖ్య నేరాల లెక్క ఎంతో, జనానికి స్టేషన్ మీద ఉన్న నమ్మకం లెక్క కూడా అంతే.

ఇక బాధితుల మీద పరిశోధన మొదలైన తీరు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లుగా చెప్పుకునే బెంజమిన్ మెండెల్సోన్, హన్స్ ఫాన్ హెంటిగ్ మొదట వేసుకున్న ప్రశ్న, నేరం జరగడంలో బాధితుల పాత్ర ఎంత అని. మెండెల్సోన్ ఏ తప్పూ లేనివాళ్ల దగ్గర మొదలుపెట్టి, తప్పంతా తమదే అయినవాళ్ల దాకా మెట్లు కట్టి మరీ వర్గీకరించాడు. అమెరికా నేరశాస్త్రవేత్త మార్విన్ వుల్ఫ్‌గ్యాంగ్ ఫిలడెల్ఫియాలో జరిగిన 588 హత్యల్ని పరిశీలించి, 26 శాతం కేసుల్లో ముందు చెయ్యెత్తింది చనిపోయినవాళ్లేనని 1958లో తేల్చాడు. హత్యల విషయంలో అదొక వాస్తవ పరిశీలన, కొట్లాటల్లో ఎవరు చస్తారో ఎవరు చంపుతారో ముందే చెప్పలేం కాబట్టి దానికి అర్థముంది. అదే కొలబద్దను 1971లో మెనాకెమ్ అమీర్ అత్యాచారాలకు తగిలించాడు. అక్కడ దాని అర్థమే మారిపోయింది, బాధితురాలి నడవడికను నేరానికి కారణంగా లెక్కపెట్టడం అయింది. దాని మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే.

బాధితుల్నే తప్పుబట్టే ఈ బుద్ధి జనానికి కూడా ఎక్కడినుంచి వస్తుందో మనస్తత్వవేత్త మెల్విన్ లెర్నర్ ప్రయోగం చూపించింది. 1966లో ఆయన, క్యారొలిన్ సిమన్స్ కలిసి ఒక యువతికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు విద్యార్థినులకు చూపించారు, నిజానికి అదంతా నటన. ఆమెను ఆ బాధనుంచి తప్పించే వీలు ఉన్నప్పుడు చూసేవాళ్లు ఆమెను చిన్నచూపు చూడలేదు. ఏమీ చేయలేక కూర్చుని చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆమెలోనే ఏదో లోపం ఉందన్నట్టు తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగానే నడుస్తుందన్న నమ్మకాన్ని కాపాడుకోవాలంటే బాధపడుతున్నవాళ్లను తప్పుబట్టడం కంటే సులువైన దారి లేదు. "ఆ టైంలో అక్కడికెందుకు వెళ్లింది" అని అడిగేవాళ్లందరూ దుర్మార్గులు కారు, చాలామంది భయపడుతున్నవాళ్లు. అలా తమకు జరగదని తమకు తాము చెప్పుకుంటున్నారు. కానీ ఆ మాట పోలీసు అధికారి నోట వస్తే దాని బరువు వేరు.

ఎంత బరువో అమెరికాలోని డెట్రాయిట్‌లో తెలిసింది. 2009లో అక్కడి పోలీసుల గోదాములో లైంగిక దాడి బాధితుల శరీరాల నుంచి సేకరించిన నమూనాల పెట్టెలు 11,000కు పైగా పరీక్షకు పంపకుండా పడి ఉన్నట్టు బయటపడింది. ఒక్కో పెట్టె వెనక, దాడి జరిగిన కొన్ని గంటలకే ఆసుపత్రి బల్ల మీద పడుకుని, ఎవరో తెలియనివాళ్లు తన ఒంటి నుంచి ఆధారాలు తీస్తుంటే పళ్లబిగువున ఓర్చుకున్న ఒక మనిషి ఉన్నారు. వ్యవస్థ అడిగింది కాబట్టి ఇచ్చారు. వ్యవస్థ దాన్ని అటక మీద పడేసింది. అలా ఎందుకు జరిగిందో రెబెక్కా క్యాంప్‌బెల్ బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది. డబ్బు లేదు, సిబ్బంది చాలరు, క్రైమ్ ల్యాబ్ సరిగా నడవలేదు (2008లో దాన్ని మూసేశారు కూడా), ఇవన్నీ నిజమే. కానీ పాత ఫైళ్లు తీసి చదివితే ఇంకోటి కనిపించింది: ఈమె చెప్పేది నమ్మేలా లేదు, ఈమె వ్యభిచారం చేసే మనిషి, ఈ పిల్ల ఇంట్లో తిడతారని కథ అల్లింది అన్న ధోరణిలో రాసి పక్కన పెట్టిన కేసులు. వనరులు తక్కువైనప్పుడు ఎవరి కేసు ముందు పట్టుకోవాలో తేల్చింది ఆ అభిప్రాయాలే. తర్వాత ఆ పెట్టెల్ని పరీక్షిస్తే, ఒకరి తర్వాత ఒకరి మీద దాడులు చేసుకుంటూ పోయినవాళ్లు వందల్లో తేలారు. నమ్మకపోవడం వల్ల నష్టపోయింది ఆ ఒక్క మనిషే కాదు.

దీనికి తలకిందులుగా, బాధితులు చెప్పింది శ్రద్ధగా వింటే ఏమవుతుందో చూడాలంటే ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ పట్టణంలోని కర్క్‌హోల్ట్ కాలనీ సంగతి చూడాలి. 1980ల్లో అక్కడ ఇళ్లలో దొంగతనాలు విపరీతం. పరిశోధకులు దొంగతనం జరిగిన ఇళ్లవాళ్లతో, పొరుగువాళ్లతో, పట్టుబడ్డ దొంగలతో కూడా కూర్చుని మాట్లాడారు. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లోనే మళ్లీ పడుతున్నారని, ఇళ్లలో చిల్లర వేసి వాడుకునే గ్యాస్, కరెంటు మీటర్లలోని డబ్బు వాళ్లను లాగుతోందని తెలిసింది. ఆ మీటర్లు తీసేయించారు, దొంగతనం జరిగిన ఇంటికి తాళాలు గట్టిచేశారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కాస్త కన్నేసి ఉంచమన్నారు. మూడేళ్లలో దొంగతనాలు ఏడాదికి 526 నుంచి 132కి దిగాయి. కొత్త చట్టం రాలేదు, శిక్షలు పెంచలేదు.

శిక్షల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. బాధితుల పేరు చెప్పి కఠిన శిక్షలు కోరే గొంతులు ఎప్పుడూ పెద్దగానే వినిపిస్తాయి, ఆ గొంతుల్లో బాధితులవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టరు. షాప్లాండ్ కలిసినవాళ్లు మిగతా జనం కంటే ఎక్కువ శిక్ష కోరలేదు, నేరం చేసినవాడే తమకు పరిహారం కట్టాలని మాత్రం గట్టిగా కోరుకున్నారు. జర్మనీలో ఊలి ఓర్త్ హింసాత్మక నేరాల బాధితుల్ని అడిగి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, విచారణ వల్ల మళ్లీ గాయపడ్డామని అనిపించడానికి ఫలితం మీద అసంతృప్తీ, విచారణ న్యాయంగా జరగలేదన్న భావనా కారణమయ్యాయి గానీ, శిక్ష ఎంత కఠినమన్నది కాలేదు. అమెరికాలో 2016లో ఒక జాతీయ సర్వేలో బాధితుల్లో ఎక్కువమంది శిక్షించడం కంటే నేరస్తుల్ని మార్చడం మీద దృష్టి పెట్టమన్నారు. అది సంస్కరణలు కోరే సంస్థ చేయించిన సర్వే, ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి. కఠిన శిక్షే కావాలనే బాధితులూ ఉంటారు, వాళ్ల కోపం వాళ్ల హక్కు, దాన్ని తప్పుబట్టే అర్హత ఎవరికీ లేదు. నా అభ్యంతరమల్లా వాళ్లను అడగకుండానే వాళ్ల తరఫున మాట్లాడేవాళ్ల మీద.

నేరస్తుడినీ బాధితుడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి మీద కూడా మంచి ప్రయోగాలే జరిగాయి. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 1990ల్లో కేసుల్ని లాటరీ పద్ధతిన కొన్ని కోర్టుకు, కొన్ని ఇలాంటి సమావేశాలకు పంపి పోల్చి చూస్తే, సమావేశాలకు వెళ్లినవాళ్లకు క్షమాపణ దొరకడం చాలా ఎక్కువ, మళ్లీ ఏమైనా చేస్తాడేమోనన్న టెన్షన్ తక్కువ. అయితే సమావేశం పెడతామని చెప్పి పెట్టకపోయినా, సరిగా నడపకపోయినా బాధితులు ఇంకా రగిలిపోయారు. మాట ఇచ్చి తప్పడం కంటే మాట ఇవ్వకపోవడమే నయం.

చట్టాల్లో మాటలకు కొదవలేదు. న్యూజిలాండ్ 1963లోనే బాధితులకు ప్రభుత్వ పరిహారం మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి 1985 నవంబరులో బాధితుల కోసం ప్రకటన చేసింది, అందులో కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలియజేయాలన్న మాట స్పష్టంగా ఉంది. యూరోపియన్ యూనియన్ 2012లో దాన్నే సభ్యదేశాలకు తప్పనిసరి చేసింది. చిక్కెక్కడంటే, నిందితుడి హక్కుకు భంగం కలిగితే తీర్పే కొట్టేయవచ్చు, బాధితులకు కబురు చెప్పకపోతే మాత్రం చాలాచోట్ల ఎవరికీ ఏమీ కాదు. నిందితుడి హక్కులు తగ్గించమని నేను అనడం లేదు, అవి ఉండాలి. బెయిల్ వచ్చిన రోజే బాధితులకు ఫోన్ చేసి చెప్తే, కేసు మూసేస్తే ఎందుకు మూశారో ఎదురుగా కూర్చుని వివరిస్తే ఏ నిందితుడి హక్కూ పోదు. ఒక మనిషిని ఆ పనికి పెట్టాలి, ఆ మనిషి పని చేశారో లేదో ఎవరో ఒకరు అడగాలి, అంతే.

డెట్రాయిట్‌లో చివరికి ఆ పనే చేయాల్సి వచ్చింది. పెట్టెలు పరీక్షించాక, ఏళ్ల కిందట ఫిర్యాదు చేసి ఆశ వదులుకున్నవాళ్ల తలుపు తట్టి, మీ కేసులో ఆధారం దొరికిందని చెప్పాలి. ఎలా చెప్పాలి, ఇంట్లో వేరేవాళ్లుంటే ఏం చేయాలి, ఆ క్షణంలో వాళ్లు కుప్పకూలితే పక్కన ఎవరుండాలి, ఇవన్నీ పరిశోధకులు, బాధితులకు అండగా ఉండే కార్యకర్తలు, దర్యాప్తు అధికారులు కలిసి కూర్చుని రాసుకున్నారు. తొలి విడతలో అలా కలిసినవాళ్లలో సగానికి పైగా, తమను ఒకప్పుడు నమ్మని అదే వ్యవస్థతో మళ్లీ కలిసి కేసు నడపడానికి ఒప్పుకున్నారు.