నా రక్తం తాగుతున్న రక్తం గారికి

మహారాజశ్రీ రక్తం గారి దివ్యసముఖానికి,

బలహీనపడ్డ గుండెకు సాయంగా మిమ్మల్ని తోసే గుండె పంపులు తయారుచేసే ఇంజనీరు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మధ్యాహ్నం రెండున్నర నుంచి ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పైగా ‘అక్కడ’ అంటే ఎక్కడ? నా ఒంట్లోనే ఉన్నారు, ఓ ఐదు లీటర్లు.

మా పంపుకు పెట్టిన ఆరు గంటల పరీక్షలో ఐదు గంటల పది నిమిషాలు ఎంత బుద్ధిగా నడిచారు! 450 మిల్లీలీటర్ల పశువు రక్తం, 37 డిగ్రీల వేడి, నిమిషానికి 5 లీటర్ల ప్రవాహం, 100 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి. ఇన్ని మర్యాదలు నేను ఏ అతిథికీ చేయలేదు. గొట్టాల్లో ఒక్క గాలిబుడగ లేకుండా చూశాను. గంట గంటకూ నమూనా తీసి, తిప్పి, మీ కణాలు పగిలి, పైకి తేరిన ప్లాస్మా గులాబీ రంగుకు మారిందేమోనని దీపానికి ఎదురుగా పెట్టి చూశాను. మారలేదు. సంతోషపడ్డాను. అదే నేను చేసిన తప్పు. ఇంకా యాభై నిమిషాలు ఉందనగా మోటారు లాగుతున్న కరెంటు కాస్త పెరిగింది. తర్వాత మరికాస్త. ఆపైన ప్రవాహం అంకె కిందికి జారడం మొదలైంది. పంపు విప్పి చూస్తే, లోపల గిర్రున తిరిగి మిమ్మల్ని తోసే రోటరు వెనకాల మూలలో, ఆవగింజంత నల్లటి గడ్డ. మీరే. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నట్టు.

ఈ రోటరును చెక్కించడానికి ముందు మూడు వారాలపాటు కంప్యూటరులో ప్రవాహాన్ని లెక్కకట్టాము. రక్తం ఎక్కడా నిలవదని ఆ బొమ్మలు రంగురంగుల్లో హామీ ఇచ్చాయి. తర్వాత లోపలికి కనిపించేలా ఒక పారదర్శకమైన నమూనా చేసి, మీకు బదులు నీళ్ళలో నలభై శాతం దాకా గ్లిసరిన్ కలిపి తిప్పాము. ఆ గ్లిసరిన్ మంచితనం గురించి మీకు చెప్పాలి. ఇంచుమించు మీ చిక్కదనమే దానిది. ఎటు తోస్తే అటు పోతుంది. ఎన్ని రోజులు తిప్పినా తిరుగుతుంది. ఎవరినీ అనుమానించదు. మీ వేషం అది కట్టినన్ని రోజులూ మా పంపును మించిన పంపు లోకంలో లేదు. అసలు నటులు రంగం మీదికి వచ్చారు, నాటకం ఆగిపోయింది.

ఇంతకీ మీకేం కావాలి? మెల్లగా నడిపితే గడ్డకడతారు. వేగంగా నడిపితే పగిలిపోతారు. దారి ఇరుకైతే నలిగామంటారు, వెడల్పయితే అక్కడే తిష్ఠ వేస్తారు. దుర్వాసుడికి కోపం ఎందుకు వచ్చిందో ఆ కథ విన్నవారికైనా తెలుస్తుంది. మీ కోపానికి కారణం పంపు విప్పి చూశాక గానీ తెలియదు, అప్పుడూ సగమే.

పోనీ మీరు అంత సుకుమారులా అంటే అదీ కాదు. మీ ఎర్రకణం అడ్డుకొలత సుమారు 8 మైక్రాన్లు. అంతకన్నా సన్నని కేశనాళికల్లోంచి అది వంగి, ముడుచుకుని, మారు మాట్లాడకుండా దూరి బయటపడుతుంది. 120 రోజుల ఆయుష్షులో చేసేది అదే. నేను దానికి ఎన్నో రెట్లు వెడల్పయిన రాచబాట వేసి ఇస్తే మాత్రం, రాపిడి ఎక్కువైందని పగిలి, కడుపులోని హిమోగ్లోబిన్ అంతా నా మొహాన కొట్టి పోతుంది. ఆ హిమోగ్లోబిన్‌తో మూత్రపిండాలు పడే పాట్లు ఇంకో ఉత్తరానికి దాచుకుంటున్నాను.

నిజానికి పగలడం మీద నాకు పెద్ద పట్టింపు లేదు. దాన్ని కొలవవచ్చు, తగ్గించవచ్చు, తగ్గించాము కూడా. నాకు మింగుడుపడనిది ఆ గడ్డ.

ఎందుకంటే మీకు గడ్డకట్టకుండా ఉండడం చేతకాక కాదు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు మిమ్మల్ని తోస్తోంది. కవాటాల వెనక, సిరల వంపుల్లో, ఎన్ని చోట్ల మీరు నెమ్మదించడం లేదు? మామూలుగా అక్కడ ఏ గొడవా చేయరు. చేయరు మరి! రక్తనాళాల లోపల ఒకే ఒక్క కణం మందాన ఉండే ఆ పలుచటి పొర, క్షణక్షణం నైట్రిక్ ఆక్సైడ్ వదులుతూ, ప్రోస్టాసైక్లిన్ వదులుతూ, గడ్డకట్టనివ్వని మందు హెపారిన్‌కు చుట్టమైన ఒక పదార్థాన్ని ఒంటికి పూసుకుని, మీ గడ్డం పట్టుకుని బతిమాలుతూ ఉంటుంది. నా టైటానియానికి ఆ విద్య రాదు. అద్దంలా మెరుగుపెట్టి తెచ్చి మీ ముందు పెడతాను. కొన్ని సెకన్లలోనే మీ ప్రోటీన్లు వచ్చి దాని మీద పొరలా అతుక్కుంటాయి. వాటి వెనకే గడ్డకు పునాది వేసే చిట్టికణాలు, ప్లేట్‌లెట్లు. ‘ఇదెవరి ఇల్లు? మనవాళ్ళది కాదే!’ ఇక అక్కడి నుంచి రక్తబీజుడి కథే. మిమ్మల్ని గడ్డకట్టించే త్రాంబిన్ కాసింత పుడుతుంది, అది మరింత త్రాంబిన్ పుట్టడానికి తోడ్పడుతుంది, ఆ మరింత ఇంకెంతకో. చూస్తుండగానే ఫైబ్రిన్ దారాలతో వల అల్లుకుంటుంది. ఆ రాక్షసుడి నెత్తుటి చుక్క నేల మీద పడకుండా నాలుక చాచడానికి కాళికాదేవి ఉంది. నా దగ్గర ఉన్నది ఒక పట్టకారు.

మీకు నునుపు పడదేమోనని మా ముందుతరం వారు ఒక తమాషా కూడా చేశారు. హార్ట్‌మేట్ అనే గుండె పంపు తొలి తరంలో, రక్తం తగిలే టైటానియం గోడలకు అతి సన్నని టైటానియం పూసలు అతికించి కావాలనే గరుకు చేశారు. మీరు ఆ గరుకులో చిక్కుకుని, పలచగా పరుచుకుని, మీ గోడ మీరే కట్టుకున్నారు. ఆ తర్వాత దాని మీదుగా హాయిగా జారిపోయారు. అంటే మీరు కట్టుకున్న ఇల్లయితే సరే. ఇంకొకరు కట్టి ఇస్తే వంద వంకలు.

పాత లెక్కలు కూడా ఉన్నాయి, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి చెబుతున్నాను. 1930ల మొదట్లో బోస్టన్‌లో జాన్ గిబ్బన్ అనే యువ వైద్యుడు ఒక స్త్రీ మంచం పక్కన రాత్రంతా కూర్చుని ఆమె నాడి చూస్తూ, రక్తపోటు రాసుకుంటూ గడిపారు. ఆమె ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడింది ఒక గడ్డ. మీ గడ్డే. ఆమె దక్కలేదు. నల్లబడిన రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి, మళ్ళీ ధమనిలోకి పంపగలిగితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు అక్కడే పుట్టింది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో ఆయన యంత్రం పద్దెనిమిదేళ్ళ అమ్మాయి గుండె పనీ ఊపిరితిత్తుల పనీ 26 నిమిషాలపాటు తన మీద వేసుకుంది. ఆ వ్యవధిలో ఆమె గుండెలోని రంధ్రాన్ని మూసేశారు. కాబట్టి మా వృత్తికి పునాదిరాయి వేసింది మీ గడ్డే. శంకుస్థాపనకు వచ్చిన పెద్దమనిషి ఇంకా వెళ్ళలేదు, అంతే.

హెపారిన్ సంగతి ఇంకా విచిత్రం. 1916లో బాల్టిమోర్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, గడ్డకట్టనివ్వని పదార్థాన్ని పట్టుకున్నాడు. మీతో వ్యవహరించే పద్ధతి అప్పుడే అర్థం కావలసింది. రేపటి నుంచి పంపు చెడిపోవాలని కోరుకుని స్విచ్చి నొక్కుతాను.

పంపు పెట్టించుకుని ఇంటికి వెళ్ళేవారికి మీరు గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు. దాని పుట్టుపూర్వోత్తరాలు మీకు తెలియనివి కావు. బూజుపట్టిన గడ్డి తిని నెత్తురు కారి చచ్చిన పశువుల దగ్గర కథ మొదలైంది. మందుల అలమరలోకి రాకముందు దాని కొలువు ఎలుకల మందుగా. మిమ్మల్ని పలచగా ఉంచడానికి మనుషులు ఎలుకల మందు మింగుతున్నారు మహాప్రభో. మోతాదు తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. మీ విషయంలో కప్పా మీరే, పామూ మీరే. అది చాలదన్నట్టు ఇంకొక ఏర్పాటు చేసుకున్నారు. గాయం దగ్గర ప్లేట్‌లెట్లను అతికించే వాన్ విల్లెబ్రాండ్ కారకం అనే పొడవాటి ప్రోటీన్, మా రోటరు విసురుకు చుట్ట విప్పుకుని సాగుతుంది. సాగినదాన్ని మీలోనే తిరిగే ఒక ఎంజైము కత్తిరించి పారేస్తుంది. ఇక మీకు ఎదురేముంది? ఒకే మనిషిలో, ఒకే వారంలో, పంపులో గడ్డకట్టగలరు, పేగుల్లో కారిపోనూగలరు.

1982 డిసెంబరులో సాల్ట్‌లేక్ సిటీలో జార్విక్-7 కృత్రిమ హృదయంతో బార్నీ క్లార్క్ 112 రోజులు బతికారు. రెండేళ్ళ తర్వాత అదే గుండె పెట్టించుకున్న విలియం ష్రోడర్ 620 రోజులు బతికారు. మూడు వారాలు నిండకుండానే ఆయనకు పక్షవాతం వచ్చింది. తర్వాత మళ్ళీ వచ్చింది.

ఇక్కడ నాకు ‘మీరు’ అన్న మాట నోటికి రావడం లేదు. గుండె ఆగలేదు. గాలి దెబ్బతో నడిచే ఆ ప్లాస్టిక్ గుండె తన పని తాను చేస్తూనే ఉంది. నువ్వు గడ్డవై మెదడులోకి వెళ్ళావు. చెడిపోయింది ఆ మనిషి గుండె, మెదడు నిన్నేం చేసింది? నిన్ను తోయడానికే కదా పొట్టలోంచి గొట్టాలు దూర్చుకుని ఒక బరువైన పెట్టె పక్కన బతకడానికి ఒప్పుకున్నాడు? ఆ ఇద్దరి తర్వాత ఎంతమంది! నా బల్ల మీద దొరికిన ఈ ఆవగింజకు నేను చెల్లించింది ఒక మధ్యాహ్నం. ఇదే ఆవగింజ ఒకరి ఒంట్లో విడివడి పైకి వెళితే ఆ మనిషికి సగం ఒళ్ళు చచ్చిపోతుంది, భార్య పేరు నాలుక చివరే ఆగిపోతుంది. నీకు సిగ్గు లేదు. ఇది నీ సొంత మనిషి అని తెలుసుకోలేవు గానీ, నా టైటానియం పరాయిదని సెకనులో కనిపెడతావు.

కాసేపు లేచి నడిచి వచ్చాను. క్షమించాలి. మళ్ళీ ‘మీరు’.

మీరు అసలే లొంగరని చెబితే అబద్ధమవుతుంది. హార్ట్‌మేట్ రెండో తరం పంపులో, పెట్టిన మూడు నెలల్లోపు గడ్డకట్టే కేసులు 2011 మార్చికి ముందు 2.2 శాతం ఉండేవి, 2013 మొదటికి 8.4 శాతమయ్యాయి. అందరూ తల పట్టుకున్నారు. మూడో తరంలో రోటరును అయస్కాంత బలంతో గాలిలో తేలినట్టు తేల్చారు. బేరింగు లేదు, రాపిడి లేదు, సందులు వెడల్పు. పైగా రెండు సెకన్లకొకసారి వేగం మార్చి, మూలల్లో మీరు నిద్రపోకుండా తట్టి లేపుతుంటారు. రెండేళ్ళ పోలికలో పంపులో గడ్డ పాత దానికి 13.9 శాతం, కొత్త దానికి 1.4 శాతం. 2023లో ఇంకో సంగతి తేలింది. ఆ పంపు ఉన్నవారికి యాస్పిరిన్ మానిపించినా మీరు గడ్డకట్టే గొడవ పెంచలేదు, రక్తస్రావం మాత్రం తగ్గింది. 2024 జులైలో హ్యూస్టన్‌లో బైవాకర్ అనే పూర్తి కృత్రిమ హృదయాన్ని తొలిసారి మనిషికి అమర్చారు. అందులోనూ కదిలే భాగం ఒకే ఒక్కటి, అదీ అయస్కాంతాల మధ్య తేలుతూ.

సంతోషమే. కాకపోతే నా రోటరు కూడా అలా తేలుతూ తిరిగేదే! ఆ ఇళ్ళలో అంత పెద్దమనిషి తరహాగా నడుచుకునేవారు, మా గుమ్మంలోకి వచ్చేసరికి ఎందుకిలా మారిపోతారు? ఆ పంపుల్లో మీకు నచ్చి, నా పంపులో నచ్చనిది ఏమిటో ఒక్క ముక్క చెప్పి పోయినా బాగుండేది. గడ్డ చూపిస్తారు గానీ కారణం చూపించరు.

ఇంకొకటి. చెప్పకూడదనుకున్నాను. అంతా కడిగేసి, రేపటికి కొత్త గొట్టం కోస్తుంటే బ్లేడు జారి నా చూపుడువేలు తెగింది. లోతుగానే. మీరు ధారగా వచ్చారు. మీకు తోడు నేనూ నోటికి వచ్చినవన్నీ అన్నాను. గుడ్డతో అదిమిపట్టి, గడియారం చూస్తూ నిలబడ్డాను. ఐదు నిమిషాలు కాలేదు, ఆపేశారు. అలవాటు కొద్దీ భూతద్దం కింద పెట్టి చూశాను. తెగిన గీత పొడవునా సన్నటి ఎర్రటి అతుకు. అంచు దాటి పక్కకు పోలేదు. ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో, ఎవరూ లెక్కకట్టి ఇవ్వలేదు. మా బృందంలో ఎవరైనా ఇంత శుభ్రమైన పని చేసి తెస్తే నేను పిలిచి అందరికీ చూపించేవాడిని. మీకు చూపించడానికి ఎవరూ లేరు, దీపాలు ఆర్పి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

రేపు ఉదయం 9 గంటలకు కొత్త రక్తం సంచి వస్తుంది. రోటరు వెనక సందును 0.2 మిల్లీమీటర్లు పెంచాను, మూలను గుండ్రంగా రుద్దాను. ఆరు గంటలు. అంతకు మించి అడగను. ఆ తర్వాత పారబోసే డబ్బాలో గడ్డకడతారో, పగిలిపోతారో, మీ ఇష్టం.

ఇట్లు,
తొమ్మిది వేళ్ళతో ఈ ఉత్తరం టైపు చేస్తున్న
మీ ఇంజనీరు