ఆ మూడు రోజులు నిన్నెక్కడ పడుకోబెడతారు?

భీమవరంలో పిన్ని వాళ్ల వరండా. రాత్రి భోజనాలయ్యాయి. పొద్దుటి కూరకి పిన్ని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. 2004 నుంచి తొమ్మిదేళ్లు మస్కట్‌లో నర్సుగా చేసి వచ్చిన మనిషి. మా చెల్లి అమ్మడికి 23 ఏళ్లు, మైక్రోబయాలజీ చదివింది. మూడు నెలలు నేపాల్ వెళ్లి, పడమటి కొండల్లో అఛాం జిల్లాలో వలంటీరుగా పని చేస్తానంటోంది. అమ్మ ఏడ్చింది. నాన్న "మీ పిన్నిని అడుగు" అని తప్పుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను. మొదట్లో నేను అమ్మడి పక్షమే.

పిన్ని: నేనూ పరాయి దేశం పోయినదాన్నే. కానీ నాకు వాళ్లు జీతమిచ్చారు. నువ్వు ఎదురు డబ్బు కట్టి మరీ చాకిరీకి పోతానంటున్నావు. ఎంతన్నావు?

అమ్మడు: యాభై వేలు. తిండి, బస, ట్రైనింగ్ అన్నీ అందులోనే.

పిన్ని: అయితే నువ్వు వాళ్లకి పనిమనిషివా, కస్టమరువా?

అమ్మడు: ఆ అనుమానం నాకూ వచ్చింది. అందుకే మొదట చూసినదాన్ని వదిలేశాను. అది ఖాట్మండులో అనాథాశ్రమం. తీరా చదివితే, అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉంటారట. 1996 నుంచి 2006 దాకా అక్కడ మావోయిస్టుల యుద్ధం నడిచింది కదా, అప్పుడు హుమ్లా లాంటి కొండ జిల్లాల నుంచి దళారులు చదువు చెప్పిస్తామని పిల్లల్ని తెచ్చి దొంగ కాగితాలతో ఆశ్రమాల్లో పడేశారు. వలంటీర్లు వస్తుంటే డబ్బు, డబ్బు వస్తుంటే ఇంకా పిల్లలు. నేను గుడ్డిగా వెళ్లట్లేదు పిన్నీ.

పిన్ని: సరే, దారి?

అమ్మడు: రైల్లో గోరఖ్‌పూర్, అక్కణ్ణించి సునౌలీ బోర్డర్, ఆ పైన బస్సు. మనకి వీసా కూడా అక్కర్లేదు.

పిన్ని: వీసా లేకపోవడం సుఖమనుకుంటున్నావు. అక్కడ మనవాళ్లకి ముద్ర కూడా వెయ్యరు. నువ్వు ఏ రోజు దాటావో ఏ కాగితంలోనూ ఉండదు. మస్కట్‌లో నా పాస్‌పోర్టు ఆస్పత్రి వాళ్లు బీరువాలో పెట్టుకున్నారు. అది తప్పే. కానీ నేనెక్కడున్నానో ఒకడికైనా తెలుసు.

అమ్మడు: అయితే పాస్‌పోర్టు పెట్టుకుని విమానంలోనే వెళ్తాను. ఖాట్మండులో లైన్‌చౌర్ దగ్గర మన ఎంబసీ ఉంది, దిగగానే పేరు రాయించుకుంటాను. సరా? అన్నయ్య జర్మనీ వెళ్లేటప్పుడు ఎవరైనా ఇలా అడిగారా? మ్యూనిక్‌లో దిగాక మూడో రోజు దాకా ఫోనే లేదు. "కుర్రాడు కదా, కుదురుకుంటున్నాడు" అన్నారు.

(నిజమే. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.)

పిన్ని: వాణ్ణి అడగకపోవడం తప్పు. ఆ తప్పు నీ దగ్గర కూడా చెయ్యమంటావా?

అమ్మడు: అడగడం వేరు, ఆపడం వేరు. పదో తరగతి పాసవని ఆడవాళ్లు గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం రూలు పెట్టింది. ఏమైంది? నిండనివాళ్లు విజిట్ వీసా మీద వెళ్లారు. నువ్వే చెప్పావు. నేపాల్‌లోనూ అంతే, ఆడవాళ్లని గల్ఫ్‌కి వెళ్లకుండా ఆపితే ఢిల్లీ మీదుగా పోయారు. 2021 ఫిబ్రవరిలో ఇంకో ముచ్చట. నలభై లోపు ఆడది ఒంటరిగా గల్ఫ్‌కో ఆఫ్రికాకో వెళ్లాలంటే ఇంట్లోవాళ్ల అంగీకారం, వార్డు ఆఫీసు ఉత్తరం తేవాలని అక్కడి అధికారులు ప్రతిపాదించారు. ఖాట్మండులో ఆడవాళ్లు రోడ్డెక్కారు. ఇప్పుడు నాకు నువ్వు వార్డు ఆఫీసువి.

పిన్ని: (నవ్వాపుకోలేక) ఉత్తరం రాస్తాలే. ముందు అక్కడికెళ్లి ఏం చెబుతావో చెప్పు.

అమ్మడు: ఛౌపడీ గురించి. నెలసరి వస్తే ఆడవాళ్లని ఇంట్లో ఉండనివ్వరు. పశువుల పాకలోనో, వంగి దూరాల్సినంత చిన్న మట్టిగుడిసెలోనో పడుకోవాలి. 2005లోనే సుప్రీంకోర్టు కాదంది. 2017లో అది నేరమని చట్టం చేశారు. బలవంతపెడితే మూడు నెలల జైలో, మూడు వేల జరిమానానో, రెండూనో. అయినా 2019 జనవరిలో పక్కనే బాజురా జిల్లాలో ఒక తల్లీ, ఇద్దరు కొడుకులూ ఆ గుడిసెలోనే పోయారు. చలికి నిప్పు రాజేసుకున్నారు. పొగకి ఊపిరాడలేదు.

పిన్ని: మొన్న వినాయక చవితికి నువ్వు పూజ దగ్గరికి ఎందుకు రాలేదు?

(అమ్మడు మాట్లాడలేదు.)

పిన్ని: మా అమ్మ నీకు విడిగా కంచం పెట్టింది. పెరట్లో మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నావు. నేను చూశాను. సొంత అమ్మమ్మకి చెప్పలేనిది, భాష రాని ఊళ్లో ఎవరి అమ్మమ్మకో చెబుతావా?

అమ్మడు: చూసి నువ్వేమన్నావు? నువ్వు నర్సువి.

పిన్ని: ఏమీ అనలేదు. పండగపూట గొడవెందుకని.

అమ్మడు: నేనూ అందుకే. ఒప్పుకుంటున్నాను, చెప్పలేకపోయాను. కానీ అఛాంలో చెప్పేది నేను కాదు, ఆ ఊరి టీచరమ్మలు. నేను వాళ్ల పక్కన ఉండి గుడ్డ ప్యాడ్లు కుట్టించాలి, తడిగుడ్డని చాటున ఆరేస్తే దాని మీద ఏం పెరుగుతుందో మైక్రోస్కోపులో చూపించాలి. నాకొచ్చిన పని అదొక్కటే. ఇంకో మాట, అమెరికా నుంచి వచ్చిన అమ్మాయికి మెట్ల మీద పులిహోర అంటే ఏమిటో తెలీదు. నాకు తెలుసు.

(ఇక్కడ నేను ఫోన్ నిజంగానే పక్కన పెట్టేశాను.)

పిన్ని: సరే, ఆ మాట ఒప్పుకున్నా. నువ్వుండేది ఊళ్లో ఒకరింట్లో కదా. మరి నీకొస్తే ఆ మూడు రోజులు నిన్నెక్కడ పడుకోబెడతారు?

అమ్మడు: అది... ఫారంలో లేదు.

పిన్ని: దాస్తావా? తెలిసిందంటే, ఆ వారం గేదె పాలివ్వకపోయినా నీ వల్లే అంటారు. చెబుతావా? పాకలోకే. ఆ పాకకి లోపల గడియ ఉంటుందో ఉండదో. తాగొచ్చేవాడు అన్ని దేశాల్లోనూ ఉంటాడు.

అమ్మడు: భీమవరంలోనూ ఉంటాడు.

పిన్ని: ఉంటాడు. ఇక్కడ నేను కేకేస్తే ఏ గుమ్మంలోంచి ఎవరొస్తారో నాకు తెలుసు.

అమ్మడు: అమెరికా వాళ్ల పీస్ కోర్ 1961 నుంచి వలంటీర్లని పంపుతోంది. 2009లో బెనిన్‌లో ఒకామె, 24 ఏళ్లు, తోటి ఉద్యోగి ఒకడు బడిపిల్లల్ని పాడుచేస్తున్నాడని పైవాళ్లకి రాసింది. గుట్టుగా ఉంచాల్సిన మాట బయటికి పొక్కిందని ఆమె ఇంట్లోవాళ్లు అన్నారు. ఆమెని చంపేశారు. ఫిర్యాదు చేసినవాళ్లకి రక్షణ ఉండాలని 2011లో ఆమె పేరు మీదే చట్టం తెచ్చారు. ఆమె చేసిన తప్పేంటి, ఆడపిల్ల కావడమా, ఆఫ్రికా వెళ్లడమా?

పిన్ని: రెండూ కాదు. తప్పు ఆ ఉత్తరం అందుకున్నవాళ్లది. ఇందాకట్నుంచీ నేనడిగేదీ అదే. నీ ఉత్తరం అందుకునేదెవరు? మస్కట్‌లో మొదటి ఏడాది వార్డెన్ సెలవులో ఉంటే రెండు రాత్రులు మా రూము తలుపు ఎవడో కొట్టాడు. మూడో రాత్రి మేం ముగ్గురం ఫ్రిజ్ అడ్డం జరుపుకుని పడుకున్నాం. పొద్దున్నే వెళ్లి ఆఫీసులో చెబితే రూము నంబరు రాసుకున్నారు. అంతే.

(ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఇంతవరకూ వినలేదు.)

అమ్మడు: మరి అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పలేదా?

పిన్ని: చెబితే వచ్చెయ్యమంటుంది. వచ్చేస్తే మళ్లీ పంపదు.

అమ్మడు: చూశావా. మీరింత భయపెట్టి పంపిస్తే నేనూ అంతే చేస్తాను పిన్నీ. అక్కడ ఏం జరిగినా వీడియో కాల్‌లో "అంతా బాగుంది" అనే అంటాను.

(పిన్ని నాలుగైదు కాయలు ఈనెలు తియ్యకుండానే గిన్నెలో వేసేసింది.)

పిన్ని: ఆ ఫారం మీద ఎమర్జెన్సీ నంబరుందా?

అమ్మడు: ఉంది. ఇరవై నాలుగ్గంటలూ అని కూడా ఉంది.

పిన్ని: చెయ్యి.

అమ్మడు: ఇప్పుడా? పదిన్నరైంది.

పిన్ని: అక్కడ మనకన్నా పావుగంట ముందు, పదీ నలభై ఐదు. కడుపునొప్పి గడియారం చూసుకుని రాదు.

(అమ్మడు స్పీకర్‌లో పెట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అదే వరస. మూడోసారి స్విచాఫ్ అని వచ్చింది, ముందు నేపాలీలో, తర్వాత ఇంగ్లీషులో.)

అమ్మడు: డబ్బు ఇంకా కట్టలేదు.

పిన్ని: కట్టకు.

అమ్మడు: కట్టను. నేను వద్దనుకుంది వీళ్లని, నేపాల్‌ని కాదు. నా దగ్గర ఇంకో రెండు సంస్థల పేర్లున్నాయి.

పిన్ని: (గిన్నె పక్కకి జరిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని) నంబర్లు చదువు. ఒరేయ్, నీ ఫోను ఇలా ఇయ్యి. దీని బ్యాలెన్స్ అయిపోయుంటుంది.