ఎఫ్‌రీఓపెన్ పక్షాన ఒక వకాల్తా

సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న కుర్రకారు ఈ మధ్య ఎఫ్‌రీఓపెన్ అనే ఒక పెద్దమనిషి మీద లేనిపోని అభాండాలు వేస్తున్నారు. ఆయన నిజానికి మనిషి కాదు, ఆ భాషలో ముందే రాసిపెట్టి ఉన్న ఒక ఆదేశం; ప్రోగ్రామ్ చదివేదాన్నీ రాసేదాన్నీ వేరే ఫైలుకు మళ్ళించడం ఆయన ఉద్యోగం. వెళ్ళనిస్తాడు గాని తిరిగి రానివ్వడట. చెప్పాపెట్టకుండా పాత సంబంధాలు తెంచేస్తాడట. ఆయన వయసుకైనా కాస్త మర్యాద ఇవ్వాలి కదా! 1979లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల నుంచి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో విడత వెలువడేనాటికే ఆయన కొలువులో ఉన్నాడు. 1989లో అమెరికా ప్రమాణాల సంస్థ సి భాషకు రాతపూర్వక ప్రమాణం ఇచ్చినప్పుడు ఆయన సర్వీసు క్రమబద్ధమైంది. ఇంతకాలంగా ఒక్క పదోన్నతి కూడా అడగకుండా అదే కుర్చీలో కూర్చున్న ఉద్యోగి మీద నిన్నగాక మొన్న సెమికోలన్ పెట్టడం నేర్చినవాళ్ళు ఫిర్యాదులు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక, ఫీజు తీసుకోకుండా ఈ వకాల్తా పుచ్చుకున్నాను.

ముందు పేరు సంగతి తేల్చాలి. మనవాళ్ళలో చాలామంది ఆయన్ను ‘ఫ్రీ ఓపెన్’ అని పిలుస్తారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. సి ప్రోగ్రామ్ పైన పెట్టే ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్‌ను ‘స్టూడియో డాట్ హెచ్’ అని చదివి పరీక్ష గట్టెక్కిన తరం మాది. పైగా ఉచితం అన్న మాట చెవిన పడితే చెయ్యి దానంతట అదే ముందుకు సాగే నేల మనది. కాని అక్కడ ఫ్రీ ఏమీ లేదు. ఎఫ్ అంటే ఫైలు, రీఓపెన్ అంటే తిరిగి తెరవడం. తిరిగి తెరవాలంటే ముందు మూయాలి. గొడవంతా ఆ మూయడం దగ్గరే వచ్చింది.

ఆయన అడిగేవి మూడే. ఫైలు పేరు, చదవడమా రాయడమా అన్న సంగతి, ఏ ప్రవాహాన్ని, అంటే ప్రోగ్రామ్‌లోకి గాని బయటికి గాని అక్షరాలు పారే ఏ కాలువను, మళ్ళించాలో దాని పేరు. ‘అవుట్‌పుట్ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైలు, రాయడానికి గుర్తుగా ‘డబ్ల్యు’ అనే అక్షరం, మామూలుగా తెర మీదకు పోయే ఎస్‌టీడీఅవుట్ అనే ప్రవాహం చేతిలో పెడితే, ఆ క్షణం నుంచి జవాబులు బయటికి పంపే ప్రింట్‌ఎఫ్ అనే ఆదేశం రాసేదంతా తెర మీదకు పోకుండా ఆ ఫైల్లోకి పోతుంది. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే అందులోని పాత సరుకంతా తుడిచిపెట్టుకుపోతుంది, అది వేరే సంగతి. ఇంత జరిగినా ప్రింట్‌ఎఫ్‌కు ఏమీ తెలియదు. లస్కరు ఏ తూము దించాడో, ఏ తూము ఎత్తాడో కాలువ నీటికి తెలుస్తుందా?

ఫైళ్ళు తెరిచే ఎఫ్ఓపెన్ అనే ఆదేశంతో కొత్త ఫైలు తెరిచి ఎస్‌టీడీఅవుట్ = అని రాసేస్తే పోదా, మధ్యలో ఈ పెద్దమనిషి ఎందుకు అని అడిగే తెలివైనవాళ్ళు ఉంటారు. కొన్ని చోట్ల అదీ నడుస్తుంది. లినక్సులో చాలామంది వాడే జీలిబ్‌సి అనే సి ఆదేశాల గ్రంథాలయంలో ఎస్‌టీడీఅవుట్ మామూలు చరరాశే, పైన ఏది రాస్తే అది పడుతుంది. మజిల్ అనే మరో గ్రంథాలయంలో అది కదలని రాయి, కంపైలరు ముఖం మీదే కాదంటుంది. ఆ పేరుకు కొత్త విలువ ఇచ్చే వీలు ఉండి తీరాలని ప్రమాణం ఎక్కడా మాట ఇవ్వలేదు. అందుకే ఎఫ్‌రీఓపెన్‌కు ముఖ్యమైన పని ఇలాంటి ప్రవాహాలను వేరే ఫైలుకు మళ్ళించడమేనని అడుగున ఒక పాదసూచికలో రాసింది. ఉద్యోగ బాధ్యతలు పాదసూచికలో రాసి ఉన్నా పేచీ పెట్టకుండా పనిచేసినవాడిని ఇంకెక్కడైనా చూశారా?

మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఒక రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు.

“బాబాయ్, నా కంప్యూటర్ పాడైంది. ప్రింట్‌ఎఫ్ పనిచేయడం లేదు.”

“ఎర్రర్ ఏమైనా వచ్చిందా?”

“ఏమీ రాలేదు. ప్రోగ్రామ్ నడుస్తోంది, అయిపోతోంది. తెర మాత్రం నల్లగా ఉంటోంది. కంపైలర్ తీసేసి రెండుసార్లు మళ్ళీ ఎక్కించాను.”

ఆ ప్రోగ్రామ్ తల భాగం ప్రోగ్రామింగ్ పోటీల్లో పాల్గొనే సీనియర్ ఒకడి దగ్గర నుంచి తెచ్చుకున్నాడట. అందులో మొదటి రెండు వరుసలూ ఏమిటో చదవమన్నాను. చదివాడు. ఇన్‌పుట్‌కు ఒక ఎఫ్‌రీఓపెన్, అవుట్‌పుట్‌కు ఒక ఎఫ్‌రీఓపెన్. అదే ఫోల్డరులో అవుట్‌పుట్ అనే ఫైలు ఉందేమో చూడమన్నాను. కాసేపు ఫోన్లో మౌనం. ఆ సాయంత్రమంతా వాడు తెర మీద వెతికిన జవాబులు అక్కడ బుద్ధిగా, వరుస తప్పకుండా కూర్చుని ఉన్నాయి.

“సరే బాబాయ్, జవాబులు ఫైల్లోనే ఉండనీ. చివర్లో ‘పని పూర్తయింది’ అన్న ఒక్క మాట తెర మీద వేయాలి. మళ్ళీ తెర మీదకు రావడం ఎలా?”

నా కక్షిదారు మీద ఉన్న ప్రధాన అభియోగం ఇదే. దీనికి ప్రామాణిక సి భాష ఇచ్చే సమాధానం సూటిగా ఉంటుంది: దారి లేదు. ఇక్కడ పద్మవ్యూహాన్ని తీసుకొచ్చి అభిమన్యుణ్ణి మరోసారి చంపించడం నాకు ఇష్టం లేదు, పత్రికల వాళ్ళు ఆయన్ను ఎన్నికల సీజనుకు ఒకసారి ఎలాగూ చంపుతున్నారు. విండోసులో ‘కాన్’ అనే పేరుతో, యూనిక్సులో ‘డెవ్’ కింద ఉండే ‘టీటీవై’ పేరుతో మళ్ళీ ఎఫ్‌రీఓపెన్ చేయమని కొందరు అనుభవజ్ఞులు సలహా ఇస్తారు. తెర మీదకు వస్తారు, నిజమే. కాని ఎవరో మీ ప్రోగ్రామ్‌ను నడిపేటప్పుడే దాని అవుట్‌పుట్‌ను వేరే ఫైలుకు మళ్ళించి ఉంటే మీరు బయలుదేరింది తెర మీద నుంచి కాదు. సొంతిల్లే అనుకుని పక్కింట్లో దూరి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు అడిగినట్టు ఉంటుంది.

అసలైన దారి యూనిక్సు తరహా వ్యవస్థలకు ప్రమాణమైన పోసిక్స్ వాళ్ళ దగ్గర ఉంది. దాని పేరు డూప్. సినిమాలో హీరో మేడ మీద నుంచి దూకే ముందు డూపును పెట్టుకుంటాడే, సరిగ్గా అదే. ముందుగా ఎఫ్‌ఫ్లష్ అనే ఆదేశంతో గిన్నెలో మిగిలింది, అంటే ఇంకా బయటికి పోని అక్షరాలు, వంచేసి, తెరకు పోయే తూము నంబరుకు (తెరిచిన ప్రతి ఫైలుకూ సిస్టమ్ ఇచ్చే అంకె) డూప్‌తో ఒక నకలు తీసి దాచిపెట్టాలి. తర్వాత ఎఫ్‌రీఓపెన్‌ను పిలిచి పని కానివ్వాలి. పని అయ్యాక మళ్ళీ ఎఫ్‌ఫ్లష్ చేసి, డూప్‌టూ అనే దాని తోబుట్టువుతో ఆ నకలును పాత స్థానంలో కూర్చోబెట్టాలి. విండోసు కూడా పేరు ముందు ఒక అండర్‌స్కోరు తగిలించి ఇదే సరుకు అమ్ముతుంది. సి ప్రమాణాన్ని అడిగితే మాత్రం, తూము నంబర్లు మా పరిధిలోకి రావు, పక్క ఆఫీసులో కనుక్కోండి అంటుంది. ఈ మాట వినని తెలుగువాడు ఉంటాడా?

రెండో అభియోగం పాత ఫైలును మూసే తీరు మీద. ఆయన కొత్తది తెరవడానికి ముందే పాతదాన్ని మూస్తాడు. ఆ మూయడంలో ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో కూడా ప్రమాణం చెప్పింది: మూయడంలో వైఫల్యాన్ని పట్టించుకోనక్కరలేదు. ఇంత నిజాయతీ గల ప్రభుత్వ ఉత్తర్వు నేను చదివి ఎరగను. డిస్కు నిండిపోయి మీ చివరి నాలుగు వరుసలు ఫైలుకు చేరలేదా? చేరకపోనీ. పైగా ఆ ప్రవాహం మీద అంతకు ముందున్న తప్పుల గుర్తులన్నీ చెరిపేస్తాడు. బదిలీ అయితే పాత విచారణలన్నీ మాఫీ.

ఇంతా చేసి కొత్త ఫైలు తెరుచుకోకపోతే? నల్ అనే సున్నా చేతిలో పెడతాడు. అప్పటికి పాతది మూతబడింది, కొత్తది రాలేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, తాళం యజమానికి ఇచ్చేసి, సామాన్లు వీధిలో పెట్టుకుని, ఆ తర్వాత కొత్త ఇల్లు చూడటానికి బయలుదేరినట్టు. ‘అయ్యా, ఫైలు తెరుచుకోలేదు’ అని ప్రింట్‌ఎఫ్‌తో చెబుదామంటే, పోయింది ఆ గొంతే. ఇందులో నా కక్షిదారు దోషం ఏముంది? ఆయన నల్ ఇచ్చాడు. చూసుకోని పాపం మీది.

ఎర్రర్లు చెప్పుకోవడానికి విడిగా ఉండి, మామూలుగా తెర మీదకే పోయే ప్రవాహం పేరు ఎస్‌టీడీఎర్. కొందరు దాన్ని కూడా ఎఫ్‌రీఓపెన్‌కు అప్పగిస్తారు. దాని పుట్టుక తెలిస్తే ఆ పని చేయడానికి చెయ్యి రాదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో ఫోటో టైప్‌సెట్టింగ్ యంత్రం ఒకటి ఉండేది. ప్రోగ్రాముల జవాబులూ ఫిర్యాదులూ అప్పట్లో ఒకే కాలువలో పారేవి. దాంతో ‘ఫలానా ఫైలు తెరవలేకపోయాను’ అన్న ఎర్రరు కూడా ఆ యంత్రంలోకి వెళ్ళి, ఖరీదైన కాగితం మీద ముచ్చటగా అచ్చై బయటికి వచ్చేది. కంపైలర్లు రాయడానికి సాయపడే యాక్ అనే పనిముట్టు సృష్టికర్త స్టీఫెన్ జాన్సన్ చెప్పిన ముచ్చట ఇది. ఈ బాధ పడలేకే ఫిర్యాదులకు వేరే కాలువ తవ్వారు. అలా తవ్వుకున్న కాలువను తీసుకెళ్ళి ‘డెవ్ నల్’ అనే అడుగులేని బావిలో కలిపేసి, మా ప్రోగ్రామ్‌లో ఎర్రర్లే లేవు అని సంబరపడే ప్రాజెక్టులు నాకు తెలుసు.

ఇక జాప్యం గురించి ఒక మాట. తెర మీదకు పోయేటప్పుడు ప్రింట్‌ఎఫ్ మామూలుగా వరుసకు వరుస పలుకుతుంది. ఫైలుకు మళ్ళించగానే దానికి ఆఫీసు అలవాట్లు వస్తాయి. కట్ట నిండితే గాని టపా కదలదు. కట్ట నిండకముందే ప్రోగ్రామ్ కూలిపోతే ఆ కాగితాలు ఎవరికీ చేరవు. అది చాలనట్టు, నిండని కట్ట చేతిలో ఉండగా ఫోర్క్‌తో ప్రోగ్రామ్‌ను రెండుగా చీలిస్తే ఇద్దరి చేతుల్లోనూ అదే కట్ట ఉంటుంది, ఫైల్లో అదే మాట రెండుసార్లు పడుతుంది. దీన్ని కూడా నా కక్షిదారు ఖాతాలోనే రాస్తున్నారు. ఈ నేరం ఆ కట్టది, అంటే అక్షరాలు పోగుచేసి ఉంచే బఫరుది.

ఇదంతా మావాడికి ఆ రాత్రి ఫోన్లో విడమరచి చెప్పాను. డూప్ దగ్గరకు వచ్చేసరికి నిద్ర వస్తోందన్నాడు. మర్నాడు పొద్దున తెర ఫోటో తీసి పంపాడు. నల్లటి తెర మీద ఒకే ఒక్క వరుస, ‘పని పూర్తయింది’ అని. డూప్ అంత తొందరగా వంటబట్టిందా అని మురిసిపోయి ఫోను చేశాను.

“అదేమీ వాడలేదు బాబాయ్. ఎస్‌టీడీఎర్ ఎటూ మళ్ళించకుండా ఖాళీగానే ఉంది కదా. అందులో రాసేశాను.”