“పాత గాయకులు ప్రేమ పాటలే పాడుకున్నారు” అన్నది అబద్ధం

వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. “అమెరికాలో ఒకప్పటి నల్లజాతి గాయకులు హాయిగా ప్రేమ పాటలు పాడుకున్నారు. జాతి, న్యాయం అనే గొడవ ఈ కాలం వాళ్లు తెచ్చిందే. అలాంటి పాటలు జనానికి ఎక్కవు. అయినా పాటతో ఏ చట్టం మారింది?” అని. గద్దర్ గొంతు విన్న మనవాళ్లే దీన్ని పంచుకుంటుంటే మనసుకు కష్టంగా ఉంది.

ప్రేమ పాటలంటే గుర్తొచ్చే సామ్ కుక్‌నే తీసుకుందాం. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఫోన్ చేసి హోటల్ గదులు బుక్ చేసుకున్నాడు. తీరా భార్యతో వెళ్తే, మనిషిని చూశాక గదులు లేవన్నారు. కుక్ ఊరుకోలేదు, గట్టిగా నిలదీశాడు. చివరికి శాంతిభంగం కింద అరెస్టయింది ఆయనే. నాలుగు నెలలు తిరక్కుండానే ‘ఎ ఛేంజ్ ఈజ్ గొన్నా కమ్’ రికార్డు చేశాడు. సినిమాకెళ్లినా, ఊళ్లోకెళ్లినా ఇక్కడ తిరగొద్దంటారని చెప్పే చరణం అందులో ఉంది. 1964 డిసెంబరులో, ఆయన తుపాకీ గుండుకు బలైన కొద్ది రోజులకు ఆ పాట సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వచ్చింది. సరిగ్గా ఆ చరణాన్నే కత్తిరించారు. పాతవాళ్లు ఏమీ అనలేదని మనకు అనిపిస్తోందంటే, అలా కోసేసినవి మన చెవిన పడకపోవడం వల్లే.

“ఈ కాలం గొడవ” అన్నారు. నల్లవాళ్లను చెట్లకు ఉరితీయడం మీద బిల్లీ హాలిడే పాడింది 1939లో. ఆమె సొంత కంపెనీ కొలంబియా రికార్డు చేయనంటే కమోడోర్ అనే చిన్న కంపెనీకి పాడింది. అలబామాలోని బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి ఆడపిల్లలు చనిపోయాక గాయని నీనా సిమోన్ కోపంతో కట్టిన పాటకు అమెరికా దక్షిణాది ఏం చేసిందో తెలుసా? సౌత్ కరోలినాలో ఒక వ్యాపారి పెట్టెడు రికార్డులను ఒక్కొక్కటీ రెండు ముక్కలు చేసి తిప్పి పంపాడు.

జనానికి ఎక్కవా? మోటౌన్ అనే రికార్డు కంపెనీ యజమాని బెర్రీ గోర్డీ కూడా, యుద్ధం, పోలీసుల దౌర్జన్యం మీద మార్విన్ గే పాడిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ గురించి అలాగే అనుకున్నాడు. 1971లో అది పాప్ చార్టులో రెండో స్థానానికి చేరింది.

ఇక చట్టం సంగతి. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజును జాతీయ సెలవు చేసే బిల్లు 1979లో ప్రతినిధుల సభలో కావాల్సిన మూడింట రెండొంతుల మెజారిటీకి ఐదు ఓట్లు తగ్గి వీగిపోయింది. మరుసటేడు గాయకుడు స్టీవీ వండర్ ఆ సెలవు కోసమే ‘హ్యాపీ బర్త్‌డే’ కట్టాడు. 1981 జనవరిలో వాషింగ్టన్‌లో వేలమందితో సభ పెట్టాడు. పాటే అంతా చేసిందని నేననను; కింగ్ భార్య కొరెట్టా ఏళ్ల తరబడి తిరిగింది, లక్షల సంతకాలు పోగయ్యాయి. కానీ ఆ డిమాండును రేడియో ఉన్న ప్రతి ఇంటికీ చేర్చింది ఆ పాటే. 1983 నవంబరులో అధ్యక్షుడు రీగన్ ఆ సెలవు చట్టం మీద సంతకం పెట్టాడు. చాలా నల్లజాతి ఇళ్లలో ఇప్పటికీ పుట్టినరోజు కేకు ముందు అందరూ చప్పట్లు కొడుతూ పాడేది ఆ పాటే.